వంకాయ నంజు, పసుపు విరుగుడు

బెంగళూరులో ఒక వీడియో గేముల కంపెనీలో నా ఉద్యోగం జంతువుల మధ్య కొట్లాట పెట్టడం. నిజం జంతువులు కాదు లెండి, ఫోన్ తెర మీద పుట్టేవి. ఒక్కోదానికి ఒక్కో గుణం అంటగడతాను. నిప్పుదాన్ని నీళ్ళది ఓడిస్తుంది, నీళ్ళదాన్ని చెట్టుది తాగేస్తుంది, చెట్టుదాన్ని నిప్పుది కాల్చేస్తుంది. ఏది దేన్ని ఎంత దెబ్బ కొట్టాలో పట్టిక వేసేది నేనే. మా ఊరి పక్కనున్న బంగారుపేటలో రైలెక్కి అంతదూరం వెళ్ళి ఈ పని చేసినందుకు జీతమిస్తారంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు.

కాన్పుకని మా ఊరికి, కోలారు బంగారు గనుల కేజీఎఫ్‌లో అమ్మ దగ్గరికి వచ్చాక తెలిసింది, ఆమెకూ ఒక పట్టిక ఉందని. బొప్పాయి వేడి. పెరుగు చలవ, పొద్దుగూకితే మాత్రం జలుబు. మామిడిపండు వేడే గానీ నీళ్ళలో నానబెడితే సగం దిగిపోతుంది. వంకాయ, గుమ్మడికాయ నంజు, అంటే పచ్చిపుండుకు చీము పట్టించే గుణం. నాకు ఆపరేషన్ కుట్లున్నాయి కాబట్టి నంజు జాతి మొత్తం బంద్. ఆ పట్టికలో న్యాయమన్నది లేదు. మా ఆయనకు ఇష్టమైనవన్నీ ఎట్లాగో చలవలోకి చేరిపోయేవి. ఆఫీసులో నేనిట్లా చేస్తే గేము ఆడేవాళ్ళు తిట్టిపోస్తారు.

నాకేమో వంకాయ పులుసంటే ప్రాణం. కుట్లు మానిపోయాయి, డాక్టరమ్మ అన్నీ తినమన్నది. అమ్మ వింటేనా? ఆమె కడుపు కోసే మనిషే గానీ కడుపుకు పెట్టే మనిషా అని కొట్టిపారేసింది. ఒక ఆదివారం మా ఆయన వస్తే, ఆయనకని రాగిముద్ద, వంకాయ పులుసు పెట్టింది. వెల్లుల్లి తాలింపు వాసనకు నాకు ఏడుపొచ్చింది. సిగ్గు విడిచి ఏడ్చాను కూడా.

ఇక లాభం లేదని లాప్‌టాప్ తీశాను. రెండు గుణాలు కలిస్తే ఏమవుతుందో లెక్క తేల్చడమే కదా నా పని. వంకాయ నంజు. పసుపు నంజుకు విరుగుడని చెప్పింది అమ్మే. రాగిముద్ద చలవ, వెల్లుల్లి వేడి, ఆ రెండూ చెల్లు. మొత్తం సున్నా. ఆమె మాటలతోనే ఆమెను కట్టేశానని మురిసిపోతూ తెర ఆమె వైపు తిప్పి, కంచం నా ముందుకు లాక్కున్నాను.

అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని అంతా చదివింది. యాడా తప్పు లేదని ఒప్పుకుంది. నేను ముద్ద తుంచి, పులుసులో అద్ది, నోటిదాకా తెచ్చాను.

"తినమ్మా, నీకేమీ కాదు. ఇంగ పాలు తాగేది నీ కూతురు కదా, దానికి ఏ గుణమని రాసినావు?" అన్నది.

కొట్టేవాటన్నిటికీ లెక్క కట్టాను, దెబ్బ ఎవరికి తగులుతుందో రాయనే లేదు. ఉయ్యాలలో అది పిడికిళ్ళు బిగించి నిద్రపోతోంది. దానికి ఏది పడుతుందో, ఏది పడదో నాకు ఒక్క ముక్క తెలియదు. నోరూరుతూనే ఉంది గానీ నోట్లో పెట్టుకోవడానికి భయమేసింది. చేతిలోని ముద్ద మా ఆయన కంచంలో పెట్టాను. ఆయన దాన్ని తినేసి, పులుసులో ఉప్పు తగ్గిందన్నాడు.