రాతి కిటికీలో నా తల

నా చిన్నప్పుడు ఒక పూటంతా నా తల ఒక చోట, ఒళ్లు ఒక చోట ఉండిపోయాయి. నవ్వకండి. ఆ రోజు నవ్వినవాళ్లను నేనింకా క్షమించలేదు.

అది తొంభైల మొదట్లో మాట. నేను ఆరో తరగతి. మా ఊరు చంద్రగిరికి ఆరు మైళ్లు. చంద్రగిరి కోట గురించి అందరూ రాస్తారు, మీ ఊళ్లో ఉన్న పాతదేదైనా సొంతంగా చూసి రాసుకురండని మా సోషల్ అయ్యవారు వేసవి సెలవులకు ముందు చెప్పి పంపారు. ఊరి చివర మామిడితోటను ఆనుకుని రాయలకాలం నాటి మంటపం ఒకటి ఉండేది. దాని తలుపుకు తాళం. తాళంచెవి ఉన్న పెద్దమనిషి కాపురం తిరుపతిలో. లోపల పైకప్పుకు రంగుల బొమ్మలున్నాయని పెద్దవాళ్లు చెప్పుకోవడమే గాని మా ఈడు పిల్లలెవరూ చూసింది లేదు. నేను చూసి రాయాలి, అయ్యవారు దాన్ని క్లాసులో చదివి వినిపించాలి. అదీ నా ఆశ.

మంటపానికి ఒక కిటికీ ఉంది. ఒకే బండలో తొలిచిన నిలువు కమ్మీలు, వాటి మీద సన్నటి తీగల చెక్కడం. మా చిన్నాన్న కూతురిని కాపలా పెట్టి, తల పక్కకు వాల్చి రెండు కమ్మీల మధ్య దూర్చాను. దూరింది. పైకి చూద్దామని మెడ తిప్పాను. అంతే, వెనక్కి రాబోతే చెవులు అడ్డం పడ్డాయి.

చిన్నాన్న కూతురు ఊళ్లోకి పరిగెత్తింది. కాసేపటికి నా వెనక జనం చేరారు. ఎవరు వచ్చారో నాకు కనపడదు, గొంతులే వినపడతాయి. లోపల చీకటి, గబ్బిలాల కంపు. బయట వీపు మీద ఎండ. ఒకరు నడుము పట్టి లాగారు, ఇంకొకరు చెవులకు సబ్బు రుద్దారు. లాగిన ప్రతిసారీ చెవుల వెనక తోలు చెక్కుకుపోయింది. ఏడ్చేకొద్దీ ముఖం ఉబ్బింది. ఇక బతికినన్నాళ్లూ ఇక్కడే, నోటికి ఇంత అన్నం పెట్టేవాళ్లు కూడా ఉండరు అనుకున్నాను. చచ్చేంత భయం వేసింది. కోతికి తగిన శాస్తే జరిగిందని ఎవరో నవ్వారు. మా అమ్మ కనపడిన దేవుడికీ కనపడని దేవుడికీ మొక్కుకుంటోంది.

మా నాయన రాళ్లు కొట్టే తాతను పిలిపించాడు. రోళ్లకూ విసుర్రాళ్లకూ ఉలితో గంట్లు పెట్టి బతికే ముసలాయన. సుత్తీ ఉలీ ఉన్న సంచి నేల మీద పెట్టిన చప్పుడు విన్నాను.

"పగలగొట్టప్పా. రాయి పోతే పోనీ, నాకు బిడ్డ ముఖ్యం" అన్నాడు నాయన. నేనూ పగలగొట్టు తాతా అని అరిచాను. మంటపం మొత్తం కూలిపోయినా నాకప్పుడు దిగులు లేదు.

తాత కమ్మీని వేలితో తట్టి చూశాడు. దెబ్బ వేస్తే ఆ అదురు పాప దవడకు తగులుతుందని, అది ఆఖరి పని అని నాయనకు చెప్పి అందరినీ దూరంగా పంపేశాడు. తలపాగా విప్పి నా వీపు మీద కప్పి, పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఈ తాళం తీసేవాడు లేడు, నా తలకాయేమో ఈ సందులో పట్టదు. నువ్వు ఎట్టాగూ లోపలే ఉండావు గదా. పైన ఏముండాదో సూసి నాకు చెప్పు పాపా."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇక్కడ ప్రాణం పోతుంటే బొమ్మల గోలేమిటి! ఆయన మళ్లీ అడిగాడు, ఎక్కడికీ పోవలసిన పని లేనట్టు. చేతులు బయటే ఉండిపోయాయి కాబట్టి కళ్లు తుడుచుకునే వీలు కూడా లేదు. రెప్పలాడించి పైకి చూశాను. చీకటి అలవాటయ్యేకొద్దీ ఎర్రటి గీతలు కనపడ్డాయి. అడవిపంది. దాని వెంట కుక్కలు. వాటి వెనక బల్లెం పట్టిన మనిషి. ఒక్కొక్కటే చెప్పాను. పంది కోరలు పైకా కిందికా అని అడిగాడు. మనిషి కాళ్లకు చెప్పులున్నాయా అని అడిగాడు. ఒక మూల చిలుకను పట్టుకున్న ఆడమనిషి కనపడింది, ఆమె చీరకు రంగు సగం దాకానే వేసి వదిలేశారు. రంగు వేసినాయన ఎందుకు లేచిపోయాడో, అన్నానికి పిలిచారో ఏమోనని ఆలోచిస్తూ ఉండిపోయాను. ఏడుపు ఎప్పుడు ఆగిందో తెలియదు. అమ్మ తెచ్చిన ఆముదాన్ని ఆయన వేళ్లు నా చెవుల వెనక రాస్తూనే ఉన్నాయి.

"దూరేటప్పుడు తల ఏ పక్కకు వాల్చినావో గుర్తు తెచ్చుకో. దూరిన తలకాయ రాకుండా యాడికి పోతాది? నేను లాగను. నువ్వే రా."

ఎడమకు వాల్చాను. గడ్డం దగ్గరకు తీసుకున్నాను. ఒక చెవి వచ్చింది, తరువాత రెండోది. నాయన కొట్టడానికి చెయ్యెత్తి, కొట్టలేక, నన్ను పట్టుకుని ఏడ్చేశాడు.

చిలుక ఆమె గురించి తాతకు ఇంకా చెప్పబోయాను. ఆయన సంచి భుజాన వేసుకుంటూ, "ఆమె పక్కన అద్దం పట్టుకున్న పిల్ల కూడా ఉండాదే, సూడలేదా?" అని నవ్వి వెళ్లిపోయాడు. అన్నీ తెలిసే అడిగాడన్నమాట. ఆ నవ్వు ఒక్కటే నాకు కోపం తెప్పించలేదు.

ఇరుక్కున్న మనిషిని లాగకూడదని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పోయినేడు నాయనకు తుంటి ఎముక విరిగింది. చిత్తూరు ఆసుపత్రిలో కిటికీ పక్క మంచం మీద కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. కట్టు పీక్కుంటాడు, నర్సులను తిడతాడు, ఇంటికి తీసుకుపొండని పసివాడిలా ఏడుస్తాడు. మావాళ్లు తలా ఒక చెయ్యి పట్టుకుని అదిమి ఉంచుతున్నారు. వదిలెయ్యమని వాళ్లకు చెప్పి, కుర్చీని మంచం దగ్గరకు జరుపుకుని కూర్చున్నాను.

"నాయనా, నాకు ఈడ నుంచి రోడ్డు కనపడదు. ఏముండాదో చెప్పు."

కిటికీ వైపు తల తిప్పాడు. తరువాత, టెంకాయబోండాల బండి అన్నాడు. బండి దగ్గర ఎవరున్నారని అడిగాను. మెడ కొంచెం ఎత్తి చూశాడు. చెప్పడం మొదలుపెట్టాడు, కట్టు మీది చెయ్యి దానంతట అదే జారి పక్క మీద పడింది.