పచ్చట్టల పదకొండో భాగం

మొన్న సాయంత్రం మా వీధి మలుపులోని జెరాక్సు షాపు ముందు నుంచి నడిచి వస్తుంటే, కాలేజీ పిల్లల రికార్డులు బైండు చేసే అతను గిన్నెలో మైదా జిగురు కలియబెడుతూ, పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేస్తున్నాడు. ఉడికిన పిండి కమ్మదనం మీద తేలే ఆ చేదు వాసన ముక్కుకు తగలగానే నా కాళ్ళు ఆగిపోయాయి. ఏం కావాలమ్మా అని అతను రెండుసార్లు అడిగాడు. ఏమీ వద్దని చెప్పి ఇంటికి వచ్చేశాను. అరవైకి దగ్గరపడుతున్న ఈ వయసులో కూడా ఆ వాసన వస్తే నాకు పదకొండేళ్ళే, మా అన్నయ్య జయరాజుకు పదహారే.

డెబ్భైల చివరి సంవత్సరాలవి. విశాఖపట్నం వన్ టౌన్‌లో, రేవుకు దగ్గరగా, ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ పెంకుటిళ్ళ వరసలో మాది ఐదో ఇల్లు. నాన్న పోర్టులో క్రేన్ నడిపేవాడు. ఎండాకాలం గాలి మళ్ళిందంటే ఇనుప ఖనిజం దుమ్ము ఎగిరొచ్చి అమ్మ ఉతికి ఆరేసిన దుప్పట్ల మీద, కిటికీ చువ్వల మీద, నీళ్ళ కుండ మీద బోర్లించిన సత్తు పళ్ళెం మీద ఎర్రగా పేరుకునేది. వానాకాలం గోడలు చెమ్మగిల్లి సున్నం పొరలు పొరలుగా రాలేది. చలికాలం పొద్దున్నే ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి ఐసు, డీజిలు, పచ్చి చేపలు కలిసిన గాలి వచ్చి మా దుప్పట్లలో దూరేది. రేవులో ఓడ కూస్తే అది ఏ దేశపు ఓడో అన్నయ్య కూత విని చెప్పేవాడు. నిజమో కాదో తేల్చగలిగినవాళ్ళు మాలో ఎవరూ లేరు కనుక అందరం నమ్మేవాళ్ళం.

అన్నయ్యకు ఎనిమిదో ఏట కీళ్ళ జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గాని, పోతూ పోతూ గుండె కవాటాన్ని పాడుచేసి పోయింది. తొమ్మిదో తరగతి సగంలో ఉండగా బడి మాన్పించారు. వీధి వైపు గదిలో కిటికీకి ఆనించి నవారు మంచం, వీపుకు మూడు దిండ్లు, అదే అతని చోటు. ఉప్పు బాగా తగ్గించమన్నారు డాక్టర్లు. ఎండు చేపలు వేయించే రోజు అమ్మ వంటింటి తలుపు మూసుకునేది, అయినా వాసన ఆగుతుందా, "ఇయాళ నెత్తళ్ళా, సావడాయిలా?" అని మంచం మీంచే అడిగేవాడు. ఆ రోజు అమ్మ కూడా చప్పిడి కూడే తినేది.

మా వీధి మొదట్లో దైవసహాయం మాస్టారి అద్దె పుస్తకాల షాపు ఉండేది. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన పెద్దమనిషి, ఆదివారం చర్చిలో మా వెనక బెంచీలో కూర్చుని ఎవరికీ అందని పెద్ద శ్రుతిలో పాడేవాడు. కూర్చుని చేసే పని కదా అని, చిరిగిన పుస్తకాలకు ఖాకీ గుడ్డ అంచు వేసి బైండు చేయడం అన్నయ్యకు అప్పగించాడు. జిగురు మా ఇంట్లోనే ఉడికేది. అట్ట వేసేముందు అన్నయ్య ప్రతి పుస్తకమూ చదివేవాడు. సంసారాల నవలలు, అపరాధ పరిశోధనలు గబగబా ముగించేసేవాడు గాని, అతని మనసంతా మాస్టారి షాపులో మూల బీరువా నిండా ఉండే సీరీస్‌ల మీదే. చంద్రుడి అవతలి వైపు గనులు తవ్వే కూలీల కథ ఆరు భాగాలు. ఇసుక కింద పూడిపోయిన పట్నంలో కాలం వెనక్కి నడిచే కథ తొమ్మిది భాగాలు. అన్నిటికంటే పెద్దది ఆకుపచ్చ అట్టల సముద్రం కథ. దాని అసలు పేరు ఎవరూ పలికేవారు కాదు, పచ్చట్టలు అంటే చాలు, మాస్టారు తీసి ఇచ్చేవాడు.

ఏం చదవాలో తెలియక షాపు ముందు నిలబడ్డవాళ్ళను మాస్టారు మా కిటికీ దగ్గరకు పంపేవాడు. పుస్తకం పేరు చెప్పేముందు అన్నయ్య ఆ మనిషి సంగతి అడిగేవాడు. ఏ పుస్తకం సగంలో వదిలేశారు, ఎందుకు వదిలేశారు, ఇంట్లో చదువుకోవడానికి వీలయ్యే వేళ ఏది. గాజువాక నుంచి బస్సులో వచ్చే ఫిట్టరు ఒకాయనకు, రెండు స్టాపుల మధ్య ఒక అధ్యాయం అయిపోయే సీరీస్ ఏరి ఇచ్చాడు. ప్రతి భాగం వెనక అట్ట లోపలి వైపు ఒక చిన్న చీటీ రాసి అంటించేవాడు. "ఇది నచ్చితే మూడోదానికి దూకకండి, రెండోదాంట్లో ముసలావిడను కలవకపోతే మూడోది బోధపడదు" అని ఒకదాంట్లో. "మొదటి నలభై పేజీలు విసుగు, ఓర్చుకోండి, తర్వాత వరద వస్తుంది" అని ఇంకోదాంట్లో. కథ ఎలా ముగుస్తుందో మాత్రం ఎవరు బతిమాలినా చెప్పేవాడు కాదు. మనిషి దగ్గర నుంచి తీసుకోకూడనిది అదొక్కటే అనేవాడు.

జాలరిపేట నుంచి చేపల గంపతో వచ్చే పోలమ్మకు చదువు రాదు. ఆరో తరగతి చదివే ఆమె కూతురు సాయంత్రాలు గుమ్మంలో కూర్చుని పైకి చదివితే, వల బాగుచేసుకుంటూ మొగుడు, బియ్యం ఏరుకుంటూ ఆమె వినేవారట. మొదటిసారి వచ్చినప్పుడు గంప దించకుండానే కిటికీలోకి వంగి, "బావూ, పడవ ములిగిపోయే కత నాకొద్దు, నానెలాగూ ఆ బయంతోనే బతుకుతన్నాను. నవ్వొచ్చేదేటన్నా ఉంటే సెప్పు" అంది. అన్నయ్య చంద్రుడి కథ మొదటి భాగం చేతిలో పెట్టాడు. అక్కడ నీళ్ళే ఉండవు, ఇంక పడవలెక్కడ మునుగుతాయి అన్నాడు. పోలమ్మ పక్కున నవ్వింది. వారం తిరక్కుండా రెండో భాగం కోసం వచ్చింది.

పచ్చట్టలు నాతో కూడా వరస తప్పకుండా చదివించాడు. ధీరపాలుడనే సరంగు తన ఓడ వేసుకుని మాయమైన దీవుల కోసం తిరుగుతుంటాడు. ఆ ఓడలో చిత్రకుడని, కాళ్ళు చచ్చుబడినవాడు, పీఠం మీద కూర్చుని సముద్రపు పటాలు గీసి అందరికీ దారి చెప్పేవాడు ఒకడున్నాడు. పదో భాగం ఆఖర్న ఆ చిత్రకుడు ఎక్కిన చిన్న పడవ సుడిగుండం అంచుకు చేరుతుంది. అక్కడితో ఆగింది. పదకొండోది ఏడాది దాటినా రాలేదు. అన్నయ్య ఏనాడూ నోరు తెరిచి అనలేదు గాని, అతను ఎదురుచూస్తున్నది సరంగు కోసం కాదని నాకు తెలుసు.

ఆ డిసెంబరు బాగా గుర్తు. అమ్మ ఇత్తడి అచ్చు పిండిలో ముంచి నూనెలో దించి గులాబీ పువ్వులు వేస్తుంటే ఇల్లంతా నువ్వులు వేగిన వాసన. కేకు పిండి రేకు డబ్బాల్లో పోసి, మూతల మీద పేర్లు రాసి, బేకరీ పొయ్యి దగ్గరకు మోసుకెళ్ళి వరసలో నిలబడేవాళ్ళం. మా వరస ఇళ్ళన్నిటి ముందూ వెదురు బద్దలకు రంగు కాగితాలంటించిన నక్షత్రాలు ఊగేవి. చర్చి నాటకంలో నాకు దేవదూత వేషం. మూడు వారాలు సాధన చేశాను. అమ్మ తన పెళ్ళి చీర కొంగు కత్తిరించి రెక్కలకు కుట్టింది.

నాటకం రోజు సాయంత్రం, నేను రెక్కలు కట్టుకున్నాక, అన్నయ్యకు ఆయాసం వచ్చింది. నాన్న డ్యూటీలో ఉన్నాడు. నన్ను మంచం దగ్గర కూర్చోమని అమ్మ డాక్టరు కోసం పరుగెత్తింది. డాక్టరు వచ్చి, సూది వేసి, ఊపిరి కుదుటపడేసరికి కొండ మీద చర్చిలో ఆఖరి పాట కూడా అయిపోయింది. ఎవరి తప్పూ లేదు. పదకొండేళ్ళ పిల్లకు మాత్రం ఎవరిదో ఒకరిది తప్పు అయి తీరాలి.

మర్నాడు పొద్దున్న మాస్టారు కబురు చేశాడు, పదకొండో భాగం వచ్చింది, ముందు జయరాజు చదివాకే బీరువాలో పెడతానని. అమ్మ నన్ను పంపింది. పుస్తకం తీసుకుని వస్తుంటే దారిలో మా క్లాసు పిల్లలు కలిసి, నా బదులు గాబ్రియేలు దూత వేషం ఎవరు వేశారో, అందరూ ఎలా చప్పట్లు కొట్టారో చెప్పారు. నేను ఇంటికి పోకుండా చర్చి మెట్ల మీద కూర్చుని పచ్చట్ట తెరిచాను. పేజీలు దాటేస్తూ, దాటేస్తూ, సుడిగుండం చిత్రకుడి పడవను మింగేసిన చోటికి వచ్చి ఇక చదవలేక మూసేశాను. ఇంకా పదిహేనో ఇరవయ్యో పేజీలున్నాయి.

ఇంటికెళ్ళేసరికి అన్నయ్య దిండ్లకు ఆనుకుని రెండు చేతులూ చాచి ఉన్నాడు. రాత్రి ఆయాసానికి పెదవుల నీలం ఇంకా పోలేదు. మొహమంతా నవ్వు.

"ఇంత సేపేటే కరుణా? ఇలాగిచ్చీ" అన్నాడు.

నా నాటకం సంగతి అడుగుతాడనుకున్నాను. అడగలేదు.

"ఇందులో ఏటీ నేదు. చిత్రకుడు సచ్చిపోతాడు" అన్నాను.

చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి. మొత్తం చదివేశావా అని మెల్లిగా అడిగాడు. చదివేశానన్నాను. పుస్తకం అందుకుని, అట్ట మీద చెయ్యి వేసి ఒకసారి నిమిరి, తెరవకుండా కిటికీ గూట్లో పెట్టాడు.

"పోన్లే. మాస్టారికిచ్చీ. ఎవలో ఒకలు ఎదురుసూత్తంటారు."

నన్ను తిట్టలేదు. అమ్మకు చెప్పలేదు. నాటకం మాటెత్తలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చిందేమో, ఆ మధ్యాహ్నం నన్ను పిలిచి రెక్కలు కట్టుకుని ఒకసారి చూపించమన్నాడు. నేను మొండికేసి కట్టుకోలేదు. సాయంత్రం పుస్తకం తీసుకెళ్ళి మాస్టారికి ఇచ్చేశాను. ఆ తర్వాత కూడా అన్నయ్య నాలుగు పుస్తకాలు బైండు చేశాడు గాని, వాటిని చదవలేదు. కిటికీ దగ్గరకు వచ్చినవాళ్ళను మాస్టారినే అడగమని పంపేసేవాడు.

జనవరి ఆఖర్లో పెద్దాసుపత్రిలో చేర్చారు. పదోరోజు లెక్కల క్లాసు జరుగుతుండగా నాన్న మా బడికి వచ్చాడు. ఒంటి మీద పోర్టు ఖాకీ బట్టలు, మోచేతి దగ్గర గ్రీజు మరక. టీచరుతో ఏదో చెప్పి, నా సంచీ తన భుజానికి తగిలించుకుని, నా చెయ్యి పట్టుకుని నడిపించాడు. వీధి మలుపు తిరిగాక మా గుమ్మం ముందు జనం కనిపించారు.

మూడో రోజున పోలమ్మ వచ్చింది. గంప వీధిలో దించి, తడి చేతులు చీరకు తుడుచుకుని, చంద్రుడి కథ ఆరో భాగం తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టింది.

"అయిపోనాదమ్మా. ఇంకేటి సదవాలో మాకిప్పుడెవలు సెప్తారు?"

అంతవరకు కన్నీటి చుక్క రాల్చని అమ్మ, సమాధుల దగ్గర కూడా రాయిలా నిలబడ్డ అమ్మ, ఆ పుస్తకం గుండెకు హత్తుకుని గొంతెత్తి ఏడ్చింది.

నెల గడిచాక, ఇంట్లో మిగిలిన అట్టలు, ఖాకీ గుడ్డ మాస్టారికి ఇచ్చి రమ్మంటే వెళ్ళాను. మూల బీరువాలో పదకొండో భాగం కనిపించింది. నిలబడే ఆ ఆఖరి పేజీలు చదివాను. సుడిగుండం చిత్రకుణ్ణి మింగింది నిజమే. తెల్లవారాక పటంలో లేని ఒక దీవి ఒడ్డున వదిలేసింది. అక్కడి పిల్లలు అతణ్ణి మోసుకొచ్చి నీడలో కూర్చోబెట్టారు. అతను ఇసుకలో వేలితో కొత్త పటం గీస్తూ వాళ్ళకు దారి చెబుతుంటాడు. కథ అక్కడ ముగిసింది. వెనక అట్ట తిప్పి చూశాను. చీటీ లేదు. బాగుందా అమ్మా అని మాస్టారు అడిగాడు. పుస్తకం మళ్ళీ బీరువాలో పెట్టేసి వచ్చేశాను.

ఇది నేను అమ్మకు ఎప్పుడూ చెప్పలేదు. ఆఖరి రోజుల్లో పుస్తకం ఎత్తే ఓపిక కూడా లేకపోయింది నా కొడుక్కి అని ఆమె వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. ఓపిక లేకేనేమో అని నేనూ అనుకోవాలని ఎన్నో ఏళ్ళు ప్రయత్నించాను. నాలుగు పుస్తకాలు బైండు చేసిన చేతులకు ఒక పుస్తకం తెరిచే ఓపిక లేదా? నా మాట నమ్మాడు, అంతే.

చదువయ్యాక ఒక బడి లైబ్రరీలో ముప్పై ఏళ్ళు పనిచేశాను. మంత్రాల సీరీస్ కావాలని, గ్రహాల సీరీస్ కావాలని పిల్లలు వస్తే, అన్నయ్య అడిగినట్టే అడిగి, మొదటి భాగం చేతికిచ్చేదాన్ని. చివరికేమవుతుంది మేడమ్ అని అడిగితే మాత్రం అక్కడ నిలబడలేక లోపలి గదిలోకి పోయేదాన్ని. పచ్చట్టల కోసం పాత పుస్తకాల షాపులన్నీ తిరిగాను. అలాంటిదొకటి వచ్చిందని గుర్తున్నవాళ్ళే దొరకలేదు. మాస్టారు చివరి రోజుల్లో గాజువాకలో కూతురి దగ్గరకు వెళ్ళిపోతూ బీరువాలన్నీ పాత కాగితాలవాడికి ఇచ్చేశాడు. అన్నయ్య చీటీలూ వాటితోనే పోయాయి.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా ఇళ్ళ వరస మొత్తం తీసేశారు. ఆ మధ్య ఒకసారి పని ఉండి అటు వెళ్ళాను. ఎక్కడ చూసినా ఒకేలాంటి తారు, లారీలు, డివైడరు. కొండ మీద చర్చి ఒక్కటి ఆనవాలుగా పెట్టుకుని అడుగులు లెక్కపెట్టి చూశాను. మూడుసార్లు చూశాను. ఎక్కడ నిలబడితే అన్నయ్య మంచం పక్కన నిలబడ్డట్టో గుర్తుపట్టలేకపోయాను.