కైరాశికి సర్టిఫికెట్టు

డాక్టరమ్మ సూది గుచ్చితే నొప్పే ఉండదట. నేను గుచ్చితే ప్రాణం పోతుందట. సూదులు రెండూ ఒకే రకం, వేలూ అదే, వచ్చేదీ అదే చుక్క రక్తం. అయినా షుగర్ చూసే మిషను నా చేతిలో కనిపిస్తే చాలు, అమ్మ వేళ్ళన్నీ ముడిచి కొంగులో దాచుకుంటుంది.

"నీది మొరటు చెయ్యి. ఆయమ్మది కైరాశి చెయ్యి. ఇంగ ఆడికే పోతాం గదా, అప్పుడు చూపించుకుంటాను లే" అంటుంది.

కైరాశి అంటే హస్తవాసి. మా కోలార్ గోల్డ్‌ఫీల్డ్స్‌లో తమిళం, కన్నడం, తెలుగు ఒకే కుళాయి దగ్గర బిందెలు పెట్టుకుని పెరిగాయి కాబట్టి మాటలు అటూ ఇటూ మారుతుంటాయి. ఇక్కడ డాక్టరు ఏం చదివాడని ఎవరూ అడగరు, కైరాశి ఎట్లుందని అడుగుతారు. ఒక బిడ్డకు జ్వరం తగ్గితే వీధి వీధంతా ఆ డాక్టరు గుమ్మంలో నిలబడుతుంది.

ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. మా నాన్న గనుల ఆఫీసులో గుమాస్తా. గనులు మూతపడ్డాక, గని కార్మికుల ఇళ్ళ లైన్లలో ఒక గది తీసుకుని బోర్డు పెట్టుకున్న ఒకాయన దగ్గరికి వెళ్ళేవాడు. ఆయనది గొప్ప కైరాశి అని పేరు. ఏ రోగానికైనా ఒక ఎర్ర మందు, ఒక సూది. నాన్నకు షుగర్ ఉందని ఆయన కనిపెట్టనే లేదు. కాలివేలు నల్లబడితే పొడి చల్లి కట్టు కట్టి పంపించాడు. బెంగుళూరు తీసుకుపోయేసరికి ఆలస్యమైపోయింది, మోకాలి కింది నుంచి కాలు తీసేశారు. తర్వాత విచారిస్తే ఆయన ఒకప్పుడు ఎక్కడో కాంపౌండరుగా పనిచేసినవాడు. అంతకు మించి ఏ చదువూ లేదు. నాన్న ఆ ఒంటికాలితో ఎక్కువ కాలం బతకలేదు.

ఇప్పుడు అమ్మకూ షుగర్. నేను ఒక్కతే కూతురిని, పెళ్ళి చేసుకోలేదు, ఇంట్లో ఉండేది మేమిద్దరమే. అమ్మ రెండు కాళ్ళ మీద నడుస్తూ ఉండాలి. అంతకన్నా నాకు పెద్ద కోరికలేమీ లేవు.

అందుకే అమ్మను చూసే ముసలి డాక్టరు ప్రాక్టీసు మానేసినప్పుడు, కొత్త డాక్టరును నేనే వెతుకుతాను, అన్నీ కనుక్కున్నాకే పోదాం అని గట్టిగా చెప్పాను. అది నాకు చేతనైన పని కూడా. నేను రోజూ పొద్దున రైలెక్కి బెంగుళూరు వెళ్ళి చేసే ఉద్యోగమే అది. కంపెనీల్లో చేరబోయేవాళ్ళ సర్టిఫికెట్లు నిజమైనవా కాదా, ఇంతకు ముందు ఎక్కడ పనిచేశారు, ఎందుకు మానేశారు, ఇవన్నీ ఆరా తీస్తాను. దొంగ డిగ్రీ వాసన నాకు ఆమడ దూరం నుంచే తెలుస్తుందని మా ఆఫీసులో ఎగతాళి చేస్తారు.

నేను వెతికే లోపలే అమ్మ పక్కింటావిడ మాట పట్టుకుని రాబర్ట్‌సన్‌పేటలో కొత్తగా క్లినిక్కు పెట్టిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి వచ్చేసింది. నేను సాయంత్రం రైలు దిగి చెప్పులైనా విప్పకముందే మొదలుపెట్టింది.

"ఎంత చల్లగా ఉండాది తెలుసునా ఆయమ్మ చెయ్యి! నాడి పట్టుకుంటేనే సగం రోగం పోయింది. సుగటూరు పక్క, పట్టుపురుగులు పెంచేవాళ్ళ బిడ్డంట. ఎంత అణకువ!"

"ఏం చదివిందో అడిగినావా?"

"చదవకుండానే డాక్టరు అయిందా? నువ్వు ఊరికే ఉండు."

నేను ఊరికే ఉండలేదు. క్లినిక్కు బోర్డు మీదున్న రిజిస్ట్రేషన్ నంబరు రాసుకుని వచ్చి రాష్ట్ర వైద్య మండలి వెబ్‌సైటులో వెతికాను. పేరు ఉంది, ఫోటో ఉంది, కాలేజీ సరిగ్గా ఉంది. పేరు పక్కనున్న పెద్ద చదువు కూడా నిజమేనని తేలింది. నాన్న గుర్తొచ్చి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. బుద్ధి ఉన్న మనిషైతే అక్కడితో ఆగాలి. కానీ ఆ వారమే అమ్మ కొత్త మామిడికాయ ఊరగాయలో మొదటి జాడీ డాక్టరమ్మకు ఇచ్చి వచ్చింది. మొదటి జాడీ ఎప్పుడూ నాదే. ఈసారి నాకు జాడీ అడుగున మిగిలిన కారం నూనె, నాలుగు టెంకలు.

ఇక నా తనిఖీ ఆగితే ఒట్టు. ఆమె ఇంతకు ముందు పనిచేసిన ఆసుపత్రికి ఫోన్ చేసి, ఎందుకు మానేసింది, రోగులతో ఏమైనా గొడవలా అని ఆఫీసు గొంతుతో అడిగాను. "పోతానంటే మేమే వద్దని బతిమాలినాం మేడం" అన్నారు అవతలివాళ్ళు. ఆమె సెలవు పెడితే రోగులను ఎవరు చూస్తారని క్లినిక్కులో అడిగాను. దానికీ వేరే డాక్టరును ఏర్పాటు చేసుకుందట. అనవసరంగా సెలైన్లు ఎక్కిస్తుందా అంటే, అడిగినవాళ్ళకు కూడా ఎక్కించదట. కోడిగుడ్డుకు ఈకలు పీకాలని కూర్చున్నాను కానీ ఒక్క ఈకైనా దొరికితే కదా. మంచి మాట విన్న ప్రతిసారీ కడుపులో ఇంకాస్త మండింది.

ఎందుకు మండదు చెప్పండి? తెల్లన్నం తగ్గించి రాగి ముద్ద తినమని నేను ఏళ్ళ తరబడి చెప్పాను. అమ్మ నవ్వి ఊరుకుంది. డాక్టరమ్మ ఒక్కసారి చెబితే మా ఇంట్లో రెండు పూటలా ముద్దే. నడవమ్మా అని నేను బతిమాలితే మోకాళ్ళ నొప్పులు, ఆమె చెబితే పార్కు చుట్టూ ప్రదక్షిణలు. క్లినిక్కుకు వెళ్ళే రోజు జరీ అంచు చీర బయటికి వస్తుంది. నాకు చెప్పని కబుర్లు కూడా ఆమెకు చెబుతుంది. నాన్న తనను మొదటిసారి సినిమాకు తీసుకుపోయిన సంగతి నేను డాక్టరమ్మ నోట విన్నాను! పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. కానీ ఆ చెట్టుకూ మనసుంటుందని ఎవరూ అనుకోరు.

అన్నింటికీ మించి మాత్రల తంతు ఒకటి. అమ్మ పక్క షాపులో మాత్రలు కొని తిన్నగా ఇంటికి రాదు. మళ్ళీ క్లినిక్కులోకి వెళ్ళి వాటిని డాక్టరమ్మ చేతిలో పెడుతుంది. ఆమె సరైన మందులేనా అని చూసి తిరిగి ఇస్తే, ప్రసాదంలా రెండు చేతులా తీసుకుంటుంది. మా ఊరి పెద్దవాళ్ళు చాలామంది అంతే. పాపం, డాక్టరమ్మ అది జాగ్రత్త అనుకుంటుంది. వీళ్ళకు మాత్రం ఆమె చెయ్యి తగలడమే అసలు మందు.

ఆ తంతు నేను మాన్పించాలనుకున్నాను. మా ఆఫీసు దగ్గర అవే మందులు దొరుకుతాయి, నేనే తెస్తాను, ఇక నువ్వు అస్తమానం అక్కడ పడిగాపులు పడనక్కర్లేదు అన్నాను. అమ్మ నా ముఖం చూసింది, సరే అంది. అంత తేలిగ్గా సరే అన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. గెలిచానన్న సంతోషంలో రాలేదు. చీటీలో ఉన్న మందులే, ఉన్నవి ఉన్నట్టు తెచ్చి చేతికిచ్చాను.

కొన్నాళ్ళకు కొత్త చెప్పు కరిచి అమ్మ కుడికాలి బొటనవేలి పక్కన బొబ్బ లేచింది. బొబ్బ పుండైంది. పుండు మానలేదు. చుట్టూ చర్మం కమిలినట్టు కనిపించింది. నాన్న వేలు కూడా అట్లాగే మొదలైంది. అమ్మ ఎంత గింజుకున్నా వినకుండా వేలు పట్టుకుని సూది గుచ్చి చూశాను. షుగర్ ఎక్కడో పైన ఉంది.

సిగ్గు లేకుండా చెబుతున్నాను, భయం వెనకే నాకు చిన్న సంబరం కూడా వచ్చింది. దొరికింది! ఇదేనా నీ చల్లని చేతి వైద్యం అని కడిగేయాలని, అమ్మను ఆటో ఎక్కించుకుని క్లినిక్కుకు వెళ్ళాను. అమ్మను బయట బల్ల మీద కూర్చోబెట్టి నేను ముందు లోపలికి దూరాను. పెద్ద పెద్ద డిగ్రీలు పెట్టుకుని ఒక పుండు మాన్పలేరా అని అరిచాను. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది.

"మాత్రలు తింటా ఉండారా?"

"తినకుండా ఎట్లుంటుంది? నేనే తెచ్చిస్తా ఉండాను."

"తెచ్చేది మీరు, సరే. తినేది చూసినారా?"

బయటికి వచ్చి అమ్మను అడిగాను. అమ్మ తల వంచుకుని, కొంగు అంచు వేళ్ళకు చుట్టుకుంటూ చెప్పింది.

"యాడికీ పోలేదు లేవే. కురుడుమలె వినాయకుని పటం వెనకాల పెట్టినాను. ఆయమ్మ చెయ్యి తగల్లేదు గదా వాటికి. సామి దగ్గర కొన్ని దినాలుంటే కొంచెం రాశి వస్తుందేమో, అప్పుడు తిందామని."

ఇంటికి వెళ్ళి చూస్తే నేను తెచ్చిన షీట్లన్నీ పటం వెనక ఉన్నాయి. ఒక్క మాత్ర తీయలేదు. పైన కుంకుమ బొట్లు కూడా పెట్టింది. లోకంలో అందరి డిగ్రీలూ తవ్వి చూసే నేను, ఇంట్లో మందు గొంతు దిగుతోందో లేదో చూడలేదు. తేలు కుట్టిన దొంగలా వాటిని సంచిలో వేసుకుని మళ్ళీ క్లినిక్కుకు వచ్చాను. అప్పటికి డాక్టరమ్మ అమ్మ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని పుండు కడుగుతోంది. ఎముక దాకా పోలేదు, వేలికి భయం లేదు, కానీ ఇక ఒక్క పూట కూడా మాత్ర తప్పకూడదు అంది.

నేను షీట్లు బల్ల మీద పెట్టాను. నా నోటితో నేనే అన్నాను. "మేడం, ఒక్కసారి వీటిని తాకి ఇయ్యండి."

దొంగ డిగ్రీలు పట్టుకునే మనిషిని, మాత్రలు తాకి ఇమ్మని అడిగాను. అమ్మ కాలు అట్లా కళ్ళ ముందుంటే ఏమైనా అడుగుతాం.

ఆమె నవ్వలేదు. "నేను తాకితే ఈ నెల తింటారు. నేను లేని నెల?" అని నాతో అని, షీట్లు తీసి నా అరచేతిలో పెట్టింది. పైన తన చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. నిజంగానే చల్లని చెయ్యి, పాడుగాను! తర్వాత అమ్మ వైపు తిరిగింది.

"అమ్మా, నా కైరాశి ఈయమ్మ చేతికి ఇచ్చేసినాను. ఇంగ దినామూ ఈ చేతి నుంచే తీసుకోవాల. వేరే యాడా పని చేయదు."

అమ్మ ముఖం విప్పారింది. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది, నాకు కాదు.

పుండు మానింది. అమ్మ రెండు కాళ్ళ మీద పార్కు చుట్టూ తిరుగుతోంది. రైలుకు పోయే ముందు నేను రోజూ మాత్ర చేతిలో పెట్టుకుని ఆమె ముందర నిలబడతాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంటుంది. మాత్ర తీసుకుని, నా అరచెయ్యిని కళ్ళకద్దుకుంటుంది. నేను పుట్టి ఇన్నేళ్ళయినా నా చెయ్యిని ఇంత ప్రేమగా పట్టుకుని ఎరగదు. నా చెయ్యి మీద నాకే కుళ్ళు పుట్టే రోజు వస్తుందని ఎవరనుకున్నారు?

"ఎంత చల్లగా ఉండాది, ఆయమ్మ చెయ్యి" అంటుంది.

అది నా చెయ్యే అమ్మా అని నాలుక చివరిదాకా వస్తుంది. అమ్మ నీళ్ళు తాగి మాత్ర మింగేదాకా నోరు మూసుకుని నిలబడతాను.