గెరిట్ కొలకర్ర

గెరిట్ జైల్‌స్ట్రా ఎవరి మాటా నమ్మడు. ముప్పై నాలుగేళ్ళు ఫ్యాక్టరీలో ఇనుప అచ్చులు చెక్కినవాడికి అది జబ్బు కాదు, పని. "సరిగ్గానే ఉంది" అని ఎవరైనా అనగానే అతని చెయ్యి జేబులోని కొలబద్ద మీదికి పోయేది. రిటైరయ్యాక కొలవడానికి ఏమీ లేకుండా పోయింది. భార్య రొట్టె కోస్తుంటే ముక్కల మందం వైపు చూసేవాడు. ఆవిడ ఓపిక పట్టి పట్టి, శనివారాలు మాత్రం పొద్దున్నే ఫ్లాస్కులో కాఫీ పోసి బయటికి పంపేసేది.

శనివారం కార్ల క్లబ్బు. మిచిగన్‌లో ఆ మూల ఒకప్పుడు కుర్చీలూ బల్లలూ చేసిన ఫ్యాక్టరీ ఒకటి మూతపడి, దాని ముందు ఎనిమిది వందల కార్లు పట్టే ఖాళీ స్థలం మిగిలింది. అక్కడ నారింజ రంగు కోన్లు పేర్చి వాటి మధ్య మెలికల దారి చేస్తారు. ఒక్కో కారూ విడిగా, గడియారంతో పోటీ. కోన్ పడితే రెండు సెకన్లు జరిమానా. నడిపినవాడు తన వంతు అయ్యాక ఎండలో నిలబడి, మిగతావాళ్ళు పడగొట్టిన కోన్లు లేపాలి. ఊళ్ళో సగం మందికి ఆదివారం చర్చి తప్పనిసరి కాబట్టి ఈ భక్తిని శనివారానికి పెట్టుకున్నారు.

గెరిట్ చూడందే ఏ కారూ దారిలోకి వెళ్ళదు. చక్రాలు పట్టి ఊపుతాడు, బ్యాటరీ కట్టు లాగి చూస్తాడు, సీటు కింద దొర్లే సీసాలు బయట పడేయిస్తాడు. అన్నీ కుదిరితే అద్దం మీద సుద్దముక్కతో ఒక గీత. ఇవి కాక ఇంకో నియమం ఉంది. రెండు చక్రాల మధ్య వెడల్పు కంటే ఎత్తు ఎక్కువున్న బండికి ప్రవేశం లేదు. మలుపులో పల్టీ కొడుతుందని భయం. దానికోసమే గెరిట్ స్వయంగా ఒక కొలకర్ర చేసుకున్నాడు. నిలువు కడ్డీ, కింద రసమట్టం, పైకీ కిందికీ జరిగే అడ్డపట్టీ. పదహారేళ్ళలో ఆ కర్ర తొమ్మిది బళ్ళను వెనక్కి పంపింది. ఆ తొమ్మిదింటి యజమానుల పేర్లూ గెరిట్‌కి గుర్తే.

ఆ మే శనివారం అతను ఎదురుచూస్తున్నది ఆర్లెన్ ప్రూట్ ఎర్ర కారు కోసం. ఇద్దరే కూర్చునే పొట్టి కారు. తలుపు తీసి చెయ్యి కిందికి చాపితే నేల తగులుతుంది. పంతొమ్మిదేళ్ళుగా స్నేహితులిద్దరూ దాన్నే పంచుకుంటున్నారు. ముందు ఆర్లెన్ నడుపుతాడు, అతను దిగుతూండగానే గెరిట్ ఎక్కుతాడు, సీటు వేడి చల్లారదు.

ఎర్ర కారు రాలేదు. బూడిద రంగు ఎస్‌యూవీ ఒకటి వచ్చి గెరిట్ ముందు ఆగింది. మరీ పెద్దది కాదు. చిన్న కారుని నాలుగు రోజులు పాలు పోసి మేపినట్టుంది. అందులోంచి ఆర్లెన్ దిగాడు.

"ఎవరిదిరా ఇది?" అన్నాడు గెరిట్.

"నాదే. నాలుగొందల హార్స్‌పవర్."

"ఎర్రది?"

"అమ్మేశాను."

గెరిట్ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. కూరగాయలు తేవడానికి పనికొచ్చేదాన్ని పందేనికి తెచ్చినవాళ్ళని అతను ఇంతకుముందూ చూశాడు. కంపెనీవాళ్ళకి రెండు రకాల మనుషులు దొరుకుతారు: సంసారం చేసేవాళ్ళు, వేగం పిచ్చివాళ్ళు. ఇద్దరికీ విడివిడిగా అమ్మడం కష్టమై, ఇద్దరికీ సగం సగం అబద్ధం చెప్పే బండి ఒకటి తయారుచేశారని అతని అభిప్రాయం. ఇప్పుడా అబద్ధాన్ని ఆర్లెన్ నమ్మాడు. లేదా నమ్మినట్టు నటిస్తున్నాడు. నంబరు పలక చుట్టూ షోరూం పేరు మెరుస్తోంది. ఊరికే తిప్పి చూపించమని ఇచ్చారేమో వీడికి, అనుకున్నాడు గెరిట్.

"ఇంజన్ వెయ్యి."

ఆర్లెన్ వేశాడు. లోపల గంభీరంగా గర్జించింది. గెరిట్ వెనక్కి వెళ్ళి పొగగొట్టం దగ్గర వంగి విన్నాడు. అక్కడ అంత గర్జన లేదు.

"ఈ చప్పుడు ఎక్కణ్ణించి వస్తోంది?"

"కొంత ఇంజన్లోంచి," ఆర్లెన్ తల గోక్కున్నాడు, "కొంత స్పీకర్లోంచి."

"పాడేవాడొకడు, పెదాలాడించేవాడొకడన్నమాట."

"నవ్వుకో. నా తుంటి గురించి నీకు తెలుసు కదా. ఆ ఎర్రదాంట్లోంచి లేవడమంటే నూతిలోంచి పైకి రావడమే. చలికాలమంతా ఆలోచించాను. ఇది పాసైతే నడుపుతాను. కాకపోతే ఇంక రానురా, నీతో మొహమాటమేముంది."

"తుంటి అంటావు. మొన్న వారం నిచ్చెనెక్కి చూరు గొట్టంలో ఆకులు తీస్తున్నావు. మీ వీధిలోంచే వెళ్ళాను."

"ఎక్కడం చూసి వెళ్ళిపోయావు. దిగడం చూడలేదు. మా ఆవిడ పక్కింటాయన్ని పిలవాల్సొచ్చింది."

గెరిట్ దాన్నీ నమ్మలేదు. కొలకర్ర తీశాడు.

ముందు చక్రాల మధ్య కొలిచాడు, వెనక చక్రాల మధ్య కొలిచాడు, సగటు తీశాడు. అరవై నాలుగు అంగుళాలు. తర్వాత కర్రని బండి పక్కన నిలబెట్టి, రసమట్టంలో బుడగ నడిమికి వచ్చేదాకా ఆగి, అడ్డపట్టీ దించాడు. ఖణేల్‌మంది. అరవై నాలుగున్నర.

"అర అంగుళం ఎక్కువ," అన్నాడు.

ఆర్లెన్ వాదిస్తాడని అతను సిద్ధంగానే ఉన్నాడు. కంపెనీ పుస్తకం తెస్తాడు, టైర్లలో గాలి సాకు చెప్తాడు. ఆ తొమ్మిది మందీ అలాగే చేశారు.

"నువ్వేనా కొలిచింది?" అన్నాడు ఆర్లెన్.

"నేనే. నీ ఎదురుగానే కదా."

"అయితే సరేలే." ఆర్లెన్ వెనక సీటులోంచి హెల్మెట్ తీసి బయట గట్టు మీద పెట్టాడు. "కోన్లు లేపే పని ఒప్పుకున్నాను కాబట్టి అది చేసి వెళ్తాను. ఈ హెల్మెట్ ఎవరికైనా పనికొస్తే ఇచ్చెయ్యి."

తిరిగి ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా నారింజ రంగు చొక్కా తొడుక్కుని మూడో మలుపు దగ్గరికి నడిచాడు. కుడికాలు నేలని రాసుకుంటూ పోతోంది.

గెరిట్ ఇంకో నాలుగు కార్లకి గీతలు పెట్టాడు. ప్రతిసారీ చెవిలో అదే ఖణేలు. మామూలుగా కారు పైకప్పు మీద అడ్డపట్టీ ఆనితే డొల్లగా, మెత్తగా మోగుతుంది. అన్నేళ్ళుగా వింటున్న చప్పుడు. మరి ఇది ఖణేల్‌మందేం? అతను ఇష్టం లేకుండానే బూడిద రంగు బండి దగ్గరికి వెళ్ళి మునివేళ్ళ మీద లేచి చూశాడు. పైకప్పుకి రెండు పక్కలా సామాను కట్టుకునే కడ్డీలున్నాయి. కుడి కడ్డీ మీద అడ్డపట్టీ పెట్టిన సన్నటి గీత తెల్లగా కనిపించింది.

కడ్డీలు లెక్కలోకి రావు. ఆ వాక్యం నియమాల కాగితంలో రాసింది అతనే.

పొరపాటని ఎవరైనా ఒప్పుకుంటారు. కానీ ఒక సూది అంత తేడా వస్తే అచ్చు మొత్తం చెత్తలో పడేసినవాడు తను. ఆ చప్పుడు విన్న క్షణంలోనే చెవికి తెలిసింది. చెవి చెప్పింది తను వినలేదు, ఎందుకంటే అంకె తనకి కావలసిన అంకె. అందరినీ అనుమానించిన మనిషి ఒక్కణ్ణి మాత్రం ఎప్పుడూ తనిఖీ చెయ్యలేదు.

రెండు కడ్డీల మధ్య, కప్పు మీద మళ్ళీ కొలిచాడు. ఈసారి మెత్తగా మోగింది. అరవై మూడూ పావు.

పోటీకి గడియారం చూసే నడీన్ తన వ్యాన్ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. చుట్టూ పది మంది కాఫీ తాగుతున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగవచ్చు. గెరిట్ ఆగలేదు.

"ప్రూట్ బండి పాస్. నేను తప్పు కొలిచాను."

నడీన్ కళ్ళజోడు కిందికి దించింది. "మళ్ళీ చెప్పండి పెద్దాయనా, మైకు ఆన్ చేస్తాను."

"రాసుకోవమ్మా. కడ్డీ మీద పెట్టాను పట్టీని."

"మా ఆవిణ్ణి పిలవండర్రా," అన్నాడు వెనక ఒకడు. "నేనొక్కణ్ణే తప్పు చేస్తాననుకుంటోంది."

నడీన్ నవ్వుతూ జాబితా తిప్పింది. "ఆఖరి గుంపులో వెయ్యనా మీ ఇద్దర్నీ?"

"ఇద్దరం ఏమిటి?"

"పొద్దున రాగానే ఆర్లెన్ రెండు పేర్లూ రాయించాడు. రెండో డ్రైవరు మీరు."

గెరిట్ మూడో మలుపుకి నడిచి వెళ్ళి జరిగింది చెప్పాడు. ఆర్లెన్ చేతిలో కోన్ పట్టుకుని విన్నాడు.

"నన్నడక్కుండా నా పేరు రాయించావేం?" అన్నాడు గెరిట్ చివర.

"అడిగితే ఒప్పుకుంటావా?"

"చస్తే ఒప్పుకోను."

"అందుకే."

ఆర్లెన్ ముందు నడిపాడు. తిరిగొచ్చి, తలుపు తీసి, కాలు కింద పెట్టి, కుర్చీలోంచి లేచినట్టు లేచాడు. చెయ్యి ఎక్కడా ఆనించలేదు. గెరిట్ అది చూశాడు. రెండోసారి నడిపినప్పుడు కూడా చూశాడు, మొదటిది నటనేమోనని.

తర్వాత తను ఎక్కాడు. ఎత్తుగా, నిటారుగా, డాక్టరు గదిలో కూర్చున్నట్టుంది. కాలు నొక్కాడు. బండి విసురుగా దూకింది, అందులో మోసం లేదు. రెండో మలుపుకి ఆలస్యంగా బ్రేకు కొట్టాడు. ఎర్ర కారైతే వెనకభాగం జారి తిట్టిపోసేది. ఇది మాత్రం ఏదో ఒక చక్రాన్ని రహస్యంగా పట్టుకుని, ఏమీ జరగనట్టు లోపలికి తిప్పింది. కోన్ ఒక్కటీ పడలేదు. ఎప్పుడూ తమకంటే సెకను ముందుండే నీలం కారువాడి మీద నాలుగు పదోవంతులు గెలిచాడు.

"ఎలా ఉంది?" ఆర్లెన్ అడిగాడు.

"వేగంగానే ఉంది."

"మరి మొహం అలా పెట్టావేం?"

"రెండో మలుపులో నేను తప్పు చేశాను. దానికి తెలిసింది. సరిచేసింది. నాకు మాత్రం చెప్పలేదు. అలాంటివాళ్ళని నేను ఇంట్లోకి రానివ్వను."

"నీ తప్పు నీకు నువ్వే చెప్పుకున్నావుగా ఇవాళ. ఆ పని బండి చెయ్యక్కర్లేదు."

గెరిట్ చొక్కా జేబులోంచి పిప్పరమెంటు బిళ్ళ తీసి, కొరికి, సగం ఆర్లెన్‌కిచ్చాడు. ఆర్లెన్ దిగి తీసేసిన హెల్మెట్ మళ్ళీ ఆ గట్టు మీదే ఉంది. దాన్ని తెచ్చి బూడిద రంగు బండి వెనక సీటులో పెట్టి, దొర్లకుండా బెల్టు కట్టాడు.

"వచ్చే శనివారం తేనా దీన్ని?"

"తే. మళ్ళీ కొలుస్తాను."

"ఇవాళ పాసైందిగా. వారంలో ఎత్తు పెరుగుతుందేమిట్రా?"

"పెరగదని ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు గెరిట్. ఆకురాయి కోసం పనిముట్ల పెట్టె తెరిచి, కడ్డీలు తగలకుండా అడ్డపట్టీకి గాడి ఎక్కడ కొయ్యాలో సుద్దముక్కతో గుర్తు పెట్టుకోసాగాడు.