ఉగ్గాని అయ్యాకే టాస్

మద్దిలేటన్నకు ఆకలి వేస్తే క్రికెట్ ఆగిపోవాల్సిందే. మిగతా ఊళ్ళలో వానకు ఆట ఆగుతుంది. మా అనంతపురంలో వానకు ఆట ఆగిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు గానీ, ఆయన ఆకలికి ఆగని రోజు ఒక్కటీ లేదు.

వయసులో ఉన్నప్పుడు ఆయన రంజీ ఆడిన లెగ్ స్పిన్నర్. ఆట మానాక మా క్రికెట్ సంఘానికి పదకొండేళ్ళు కార్యదర్శిగా చేశాడు. నేను సహాయ కార్యదర్శిని. జట్టు ఎంపిక ఉన్న రోజు పొద్దున ఎనిమిదికల్లా అంపైర్లు తెల్లకోట్లు తొడుక్కుని నిలబడేవాళ్ళు. సరిగ్గా అప్పుడే మద్దిలేటన్న పొట్ట నిమురుకునేవాడు.

"కడుపులో ఏమీ లేకుంటే నాకు బంతి కనపడదప్పా. ముందు ఉగ్గాని, తర్వాత టాస్."

గేటు దగ్గర మారెక్క బండి. నానబెట్టిన బొరుగులతో ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ. అన్న ఒక్కడే తింటే గొడవ లేదు. ఒంటరిగా తింటే అరగదని, ఆడటానికి వచ్చిన పిల్లలందరినీ వరుసగా కూర్చోబెట్టేవాడు. తిన్నామని ఎవరైనా గొణిగితే, పెద్దవాడి మాట తీసేయొద్దని బతిమాలేవాడు. తనకు నాలుగు ప్లేట్లు తెప్పించుకుని, ఒకటి కెలికి, ఎక్కువైపోయిందంటూ మిగతా మూడూ పక్కవాళ్ళ ముందుకు తోసేవాడు. అంతలో తొమ్మిదిన్నర దాటేది. ఎండ చుర్రుమనేది. అంపైర్లు ఆ కోట్లలో ఉడికిపోయేవాళ్ళు.

మేం ఆయనకు ఉగ్గాని సార్ అని పేరు పెట్టాం. ఒకసారి పైనుంచి వచ్చిన సెలెక్టర్ ఆట ఎప్పుడు మొదలని అడిగితే, బజ్జీలు ఇంకో వాయి దిగాలని చెప్పాను. అందరూ పడీపడీ నవ్వారు. అన్న కూడా నవ్వాడు.

నాకేమో గడియారం పిచ్చి. నిరుడు ఇక ఓర్చుకోలేక పైసంఘానికి సంతకం లేని ఉత్తరం రాశాను. కార్యదర్శిగారు నాలుగేసి ప్లేట్లు తింటూ ఆట సాగనివ్వడం లేదన్నాను. రెండు నెలల్లో ఆయన్ని తప్పించి ఆ కుర్చీ నాకే ఇచ్చారు. పిల్లలు జాగ్రత్త అని మాత్రం చెప్పి, ఆయన తాళాలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఈ మార్చిలో అమ్మాయిల జట్టు ఎంపిక. ఎనిమిదికి టాస్ వేయించి గర్వంగా గడియారం చూసుకున్నాను. గోరంట్ల వైపు నుంచి ఏటా ఎంపికలకు వచ్చే చౌడేశ్వరి మంచి ఫాస్ట్ బౌలర్. రెండో ఓవర్లో పరుగెత్తుకొస్తూ క్రీజు దగ్గర కూలబడింది. నీళ్ళు తాగించి అడిగితే, తెల్లవారకముందే బస్సెక్కానని, ఏమీ తినలేదని చెప్పింది. ముందే చెప్పొచ్చు కదా అని కసురుకున్నాను.

"ఆకలైతాండాదని మేమెట్ల చెప్పుకుంటాం సార్? ముందున్న సారే నాకు ఆకలి, నాకు ఆకలి అంటాండె. మాకు చెప్పే పనే లేకుండె."

సిగ్గుతో చచ్చిపోయాను. పదకొండేళ్ళు ఆ పిల్లల పక్కనే కూర్చుని ఉగ్గాని తిన్నవాణ్ణి, ఒక్కనాడూ వాళ్ళు తినే తీరు గమనించలేదు. ఆట ఆపించి అందరినీ మారెక్క బండి దగ్గరికి తోలాను. సాయంత్రం ఉగ్గాని పొట్లం కట్టించుకుని అన్న ఇంటికి వెళ్ళాను.

ఆయన భార్య సునందక్క పొట్లం విప్పి నవ్వింది.

"ఇదెవురికప్పా? ఈయనకు బొరుగులు పడవు. కడుపుబ్బరమని ఇంట్లో ఉగ్గానే చెయ్యనియ్యడు. పెండ్లైనప్పట్నుంచీ పొద్దున సంగటే."

మైదానంలో జరిగింది చెప్పాను. ఉత్తరం రాసింది నేనేనని కూడా చెప్పేశాను.

"తెలుసులేప్పా. ఆ కాగితం నాకు చూపించినారు. నీ రాత నాకు తెలీదా?" అన్నాడు అన్న. "నాలుగు ప్లేట్లు తింటాడని రాసినావే, దానికే బాధైంది. ఒక్కటి మింగేకే నా పానం పోతాండె."

ఆ పాప మళ్ళీ బౌలింగ్ చేసిందా అని అడిగాడు. చేసిందని, జట్టులో ఉందని చెప్పాను. ఆయన ముఖం విప్పారింది. పోయిన పదవిని తిరిగి ఇప్పించే శక్తి నాకు లేదు. కనీసం వచ్చే ఎంపికలకైనా వచ్చి కూర్చోమని చేతులు పట్టుకున్నాను.

"కుర్చీ లేనోని ఆకలికి ఆట ఎవురు ఆపుతారప్పా? ఇంక నీకే ఆకలి కావల్ల."

ఆ తర్వాత మూడు ఎంపికలు జరిగాయి. మూడింటికీ పొద్దున ఎనిమిదికల్లా నాకు భరించలేనంత ఆకలేసింది.