బజ్జీల బండికి చేరిన నవల

ఏలూరులో మా పక్క వాటాలో ఉండే రిటైర్డు మాస్టారు, తాను తన కోసమే రాసుకుంటానని రోజుకు నూటపదహారు సార్లు చెప్పేవారు. చనిపోయిన భార్య గురించి ఆయన రాసిన నవల ధాన్యం బస్తా అంత ఉండేది. కొల్లేటి కొంగలన్నీ తలా ఒక పేజీ ఆక్రమించుకున్నాయి. మూడో పేజీలోనే నాకు నిద్ర ముంచుకొచ్చింది.

అయినా మొత్తం చదివానని చెప్పి, నాలుగు పుస్తకాలు అమ్ముకున్నవాడి హోదాలో ఒక సలహా పారేశాను.

“బాగుందండీ మాస్టారూ. కానీ మార్కెట్టుకు హత్య కావాలి. ఆవిణ్ణి రెండో అధ్యాయంలోనే చంపేయండి!”

నవ్వేస్తారనుకున్నాను. ఆయన ఆరు నెలలు కూర్చుని, ఆవిణ్ణి కొల్లేట్లోకి తోయించి, తాడేపల్లిగూడెంలో ఒక ప్రచురణకర్తకు ఇచ్చారు. “ఇలాంటి హత్యలు మా గోడౌను నిండా ఉన్నాయండీ” అని అతను తిప్పి పంపాడు.

పాత ప్రతి లేదు. దిద్దిన పరీక్ష పేపర్లను బజ్జీల బండికి వేసేయడం మాస్టారికి నలభై ఏళ్ల అలవాటు. కొత్తది పూర్తవగానే పాతదాన్నీ అలాగే వేసేశారు.

నవల తిరిగొచ్చిన మర్నాడు తెల్లకాగితాలు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. “మార్కెట్టు పోతే పోనివ్వండి. నా కోసమే మళ్లీ రాసుకుంటాను. ఆఖర్న ఆవిడ నాతో ఏమందో ఎంతకీ గుర్తు రావడం లేదండీ. మీరు మొత్తం చదివారు కదా, కాస్త చెబుదురూ!”

నా మూడో నవలలోంచి, బాగా అమ్ముడుపోయిన డైలాగొకటి చెప్పాను.

“అచ్చం ఇదేనండీ!” అంటూ కళ్లు తుడుచుకుని రాసుకున్నారు.