వెలుగుతున్న లైటు పోయిందన్న కారు

అందరికీ అంబాసిడర్లున్న వీధిలో మాదొక్కటే విదేశీ కారవుతుందని మురిసిపోయి, ఒక నిర్మాత దగ్గర పాతది కొన్నాను. నాలుగు రోజులుగా దాని డాష్‌బోర్డు మీద వెనక లైటు పోయిందని ఎర్రదీపం వెలుగుతోంది. దిగి చూస్తే రెండు లైట్లూ శుభ్రంగా వెలుగుతున్నాయి. ఫిల్మ్ నగర్‌కు వెళ్లినప్పుడల్లా, "వైర్లేం కదిలించావయ్యా?" అని డ్రైవర్ యాదగిరిని సాధించాను.

ఈ రోజు ఇద్దరం ఎర్రగడ్డలో మెకానిక్ దగ్గరికి వెళ్లాం. ఆయన లైట్ల మూతలు విప్పి నవ్వాడు.

"వైర్లు మంచిగనే ఉన్నయ్ సార్. ఒక దిక్కు కారు బల్బు, ఇంకో దిక్కు స్కూటర్ బల్బు. రెండూ సమానంగ కరెంటు గుంజకుంటే ఒకటి పోయిందనుకుంటది బండి. ఎవరేసిన్రు గిది?"

పోయిన ఆదివారం వేసింది నేనే. స్క్రూడ్రైవర్ అందించింది యాదగిరి.

"ఏమో అన్నా, ముందటి ఓనరు ఏసిండేమో" అన్నాడు యాదగిరి, నా వైపు చూడకుండా.

బల్బు మార్చగానే ఎర్రదీపం ఆరిపోయింది. జూబ్లీ హిల్స్ ఎక్కుతుండగా, "తప్పు నాదేనయ్యా, ఊరికే నిన్నన్నాను" అన్నాను.

"నాకెరుకే సార్. మీకే యాదికొస్తదేమోనని చూసిన" అన్నాడు.

మీరైతే ఆ మెకానిక్ ముందే ఒప్పుకునేవారా? నిజం చెప్పండి.